జనాభా లెక్కల్లో మా ముత్తాత

మా ముత్తాత రంగం వెళ్ళాడు. మా ఇంట్లో ఆయన చరిత్ర మొత్తం ఈ ఒక్క వాక్యంలో ఇమిడి వున్నది. రంగం అంటే రంగూను. విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల పల్లెల్లో ఒకప్పుడు ఆ మాటకు అర్థం చెప్పవలసిన పని వుండేది కాదు. ఇప్పటి విద్యార్థులకు చెప్పవలసి వస్తున్నది. ఆయన నర్సీపట్నం చుట్టుపక్కల ఒక పల్లెలో కంబారి, అనగా ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. సెంటు భూమి లేదు. నర్సీపట్నం రోడ్డు స్టేషను దాకా నడిచి రైలెక్కాడు. అక్కణ్ణించి రేవు, రేవు నుంచి పొగఓడ. మూడుసార్లు వెళ్ళాడు, రెండుసార్లు వచ్చాడు. ఆఖరి మనియార్డరు 1941 లో వచ్చిందని మా తాత చెప్పేవాడు. ఆ సంవత్సరం డిసెంబరు 23న జపాను విమానాలు రంగూను మీద బాంబులు వేశాయి. ఆ తరవాత మా ఇంటి చరిత్రలో వాక్యం లేదు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. ఈ విషయం తవ్వటానికి కారణం మా క్లాసులో ఒక కుర్రవాడు వేసిన ప్రశ్న. ఇంగ్లండులో బొగ్గుగని కార్మికుడి మునిమనవడు తన ముత్తాత ఏ వీధిలో వుండేవాడో, ఏ పని చేసేవాడో, ఎంతమంది పిల్లలో జనాభా లెక్కల్లో చూసుకుంటున్నాడట. మనం ఎందుకు చూసుకోలేము, అని అడిగాడు. "మన వాళ్ళని లెక్కపెట్టలేదా సార్?" అన్నాడు. సమాధానం చెప్పలేక, తెలుసుకొని చెబుతానన్నాను.

లెక్కపెట్టారు. ఆ మాటకొస్తే ప్రపంచంలో మనల్ని లెక్కపెట్టినంత శ్రద్ధగా మరెవరినీ లెక్కపెట్టి వుండరు. 1871–72 లో మొదటి ప్రయత్నం జరిగింది. 1881 ఫిబ్రవరి 17 రాత్రి దేశమంతా ఒకేసారి లెక్క తీశారు. అప్పటినుంచి 2011 దాకా పదేళ్ళకొకసారి తప్పకుండా జరిగింది. ఇళ్ళకు నంబర్లు వేయటం, కొన్ని వారాల ముందే ఇంటింటికీ తిరిగి కాగితాలు నింపుకోవటం, నిర్ణయించిన రాత్రి మళ్ళీ తిరిగి పుట్టినవాళ్ళను కలిపి చచ్చినవాళ్ళను కొట్టివేయటం — ఇదంతా చేసింది కరణాలు, బడిపంతుళ్ళు. నర్సీపట్నానికి పైన వున్న కొండల్లో మాత్రం రాత్రిపూట తిరగటం కుదరదు కనుక, ఏజన్సీలో ముందే పగటిపూట తీరిగ్గా లెక్క ముగించేవారు. కాగితంలో గడులు చాలా వుండేవి: పేరు, మతం, ఆడా మగా, పెళ్ళయిందా లేదా, వయస్సు, కులం, వృత్తి, పుట్టిన జిల్లా, మాట్లాడే భాష, చదువు, గుడ్డితనం, చెవుడు, కుష్ఠు. అంటే మా ముత్తాత పేరు ఒక కరణం చేతిమీదుగా ఒక్కసారైనా కాగితం మీదికి ఎక్కే వుండాలి.

అయితే ఆ కాగితం లేదు. లెక్కలు కట్టటం పూర్తి కాగానే ఆ కాగితాలను నాశనం చేసేవారు. ఎందుకు చేశారో తెలియాలంటే లెక్క ఎట్లా కట్టేవారో తెలియాలి. 1901 నుంచి చీటీల పద్ధతి వచ్చింది. మనిషికొక చీటీ. మతాన్ని బట్టి చీటీ రంగు. ఆడా మగా, పెళ్ళయినవాళ్ళా, కానివాళ్ళా, భర్త పోయినవాళ్ళా అన్నదానికి చీటీమీద వేరువేరు గుర్తులు. గుమాస్తాలు కూర్చుని ఈ చీటీలను గూళ్ళలో వేసి, కట్టలు కట్టి, లెక్కించి, పట్టికలు తయారుచేసేవారు. చీటీకి కావలసింది కులం, వయస్సు, వృత్తి, పేరు కాదు. పేరు కరణానికి మాత్రమే అవసరం, ఒకే మనిషిని రెండుసార్లు రాయకుండా వుండటానికి. ఆ అవసరం తీరాక పేరుకు పని లేదు. వడ్లు దంచాక వూక ఎవరు దాస్తారు?

ఆడవాళ్ళ సంగతి ఇంకొక మెట్టు కింద. ఇంటి ఆడమనిషి పేరు చెప్పటానికి ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే, పేరు గడిలో "స్త్రీ" అని రాసి వూరుకోవచ్చునని ఆ కాలపు సూచనల్లో వున్నది. పరువు గల ఇళ్ళవాళ్ళను నొప్పించకుండా వుండటానికి చేసిన ఏర్పాటు. కంబారి ఇంట్లో ఆడమనిషి పేరు చెప్పటానికి అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరూ వుండరు. కాని అక్కడ పేరు అడిగే ఓపిక కరణానికి వుండేదా అన్నది నా సందేహం.

ఇదంతా తెల్లవాడి దౌష్ట్యమని చెప్పి ముగిస్తే తేలికే. నేను మొదట అట్లాగే రాద్దామనుకున్నాను. కాని 1948 లో స్వతంత్ర భారతదేశం చేసుకున్న సెన్సస్ చట్టం పదిహేనో సెక్షను ప్రకారం కూడా ఆ కాగితాలు ఎవరూ చూడటానికి వీలు లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టటానికీ వీలు లేదు. ఇందులో న్యాయం వున్నది. జనం నిజం చెప్పాలంటే, చెప్పింది పోలీసువాడికీ పన్నులవాడికీ చేరదన్న నమ్మకం వుండాలి. ఇంగ్లండులోనూ ఈ రహస్యం వున్నది. అయితే దానికి వందేళ్ళ గడువున్నది. అక్కడి 1921 లెక్కలు 2022 జనవరిలో బయటికి వచ్చాయి. అమెరికాలో గడువు 72 ఏళ్ళు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్లో తెరిచారు. వాళ్ళకూ పోగొట్టుకున్నవి వున్నాయి. ఇంగ్లండు 1931 కాగితాలు 1942 లో అగ్నిప్రమాదంలో తగలబడ్డాయి. అమెరికా 1890 కాగితాలు 1921 లో మంటలపాలయ్యాయి. కాని అగ్గిలో పోవటం వేరు, పని అయిపోయిందని పారవేయటం వేరు. పోయినందుకు వాళ్ళు విచారిస్తారు. మనకు ఏం పోయిందో కూడా తెలియలేదు.

మరి మిగిలిందేమిటి? సంపుటాలు మిగిలాయి. 1871 సంపుటం కార్నిషు రాశాడు, 1881 ది మెకైవరు, 1891 ది స్టూఅర్టు, 1901 ది ఫ్రాన్సిసు. ఈ ఫ్రాన్సిసే 1907 లో విశాఖపట్నం జిల్లా గెజెటీరు రాశాడు. మన జిల్లా గురించి పరిశోధన చేసేవాళ్ళంతా ఆ పుస్తకం దగ్గరే మొదలుపెడతారు. జిల్లాలో అత్యధిక భాగం జమీందార్లది. సర్కారు తాలూకాలు మూడే: పాలకొండ, సర్వసిద్ధి, నర్సీపట్నం వున్న గోలుగొండ. సర్కారు భూమి కనుక రైతుల పేర్లతో సెటిల్మెంటు రిజిస్టర్లు ఇక్కడ వుండాలి. వున్నాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు. మా ముత్తాత పని చేసిన షావుకారు కుటుంబం పేరు అందులో దొరుకుతుంది, ఆయన తండ్రి పేరు కూడా. దున్నినవాడి పేరు దొరకదు. శిస్తు కట్టేవాడు సర్కారుకు మనిషి. దున్నేవాడు ఆ మనిషికి వున్న ఎడ్ల వంటివాడు. ఈ ముక్క చెప్పటానికి సిద్ధాంతం అక్కరలేదు, రిజిస్టరు చూస్తే చాలు.

ఇక్కడ నాకొక చిక్కు ఎదురైంది. మా ముత్తాతలాగే కూలికి సముద్రం దాటిన తెలుగువాళ్ళు కొందరి వివరాలు పూసగుచ్చినట్టు దొరుకుతున్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలో డర్బను చేరింది. అక్కడినుంచి 1911 దాకా నేటాలు చెరకుతోటలకు ఒప్పందం మీద వెళ్ళిన భారతీయులు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది మద్రాసు నుంచి ఎక్కినవాళ్ళు, విశాఖ, గంజాం జిల్లాల వాళ్ళు కూడా అందులో వున్నారు. ఓడ జాబితాలో ప్రతివాడికీ నంబరు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు ఎన్ని అంగుళాలు, ఒంటిమీద మచ్చ ఎక్కడ. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా అరవైవేల పైచిలుకు వెళ్ళారు, మద్రాసు నుంచి పంపటం 1903 లో మొదలైంది. వాళ్ళ పాసులన్నీ వున్నాయి. మారిషస్‌లో మోకా అనే చోట మహాత్మా గాంధీ సంస్థలో ఈ రిజిస్టర్లు ఫొటోలతో సహా భద్రంగా వున్నాయి. ఎడమ మోకాలి కింద గాయం మచ్చ అని రాసివున్న మనిషి మునిమనవడు ఈనాడు ఆ కాగితం పట్టుకొని మన జిల్లాకు వచ్చి తన వూరు వెతుక్కోగలడు. ఈ జిల్లాలోనే వుంటున్న నేను మా ముత్తాత ఎత్తు ఎంతో చెప్పలేను.

ఎందువల్ల? వాళ్ళు సరుకు కనుక జాగ్రత్తగా రాసుకున్నారని మా మిత్రుడొకడు అన్నాడు. వినటానికి బాగుంది గాని సరిపోదు. అసలైన సరుకు అమెరికా నీగ్రో బానిస. అక్కడ 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకు ప్రత్యేకం కాగితాలున్నాయి. వాటిల్లో యజమాని పేరు వున్నది. బానిసకు వయస్సు, ఆడా మగా, రంగు మాత్రమే. పేరు లేదు. అక్కడి నల్లజాతి కుటుంబాలు తమ పూర్వులను వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళి 1870 దగ్గర గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతారు. కాబట్టి సరుకైతే పేరు రాస్తారన్నది నిజం కాదు. బానిస పారిపోతే పట్టుకునే హక్కు యజమానిది. లెక్కలవాడికి ఆ పేరుతో పని లేదు. ఒప్పంద కూలీ సంగతి వేరు. అతను కాగితం మీద వేలిముద్ర వేసిన "స్వతంత్రుడు". అయిదేళ్ళు పని చేస్తానన్నాడు. పారిపోతే సర్కారే పట్టి జైల్లో పెట్టాలి. పట్టుకోవాలంటే మచ్చ ఎక్కడుందో తెలియాలి. రాజ్యానికి ఎవణ్ణి పట్టుకోవలసిన అవసరం వుందో వాడి పేరే అది దాచుకుంటుందని నాకు తోస్తున్నది.

ఇందుకు మన కొండల్లోనే సాక్ష్యం వున్నది. 1922–24 పితూరీకి ముందు ఈ కొండజనం జనాభా సంపుటాల్లో కులం పేరు, దాని పక్కన ఒక అంకె. నర్సీపట్నం నుంచి పైకి వేసిన రోడ్డుకు కూలి సరిగా ఇవ్వకుండా గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియను చేయించిన వెట్టి గురించి ఎన్నో పుస్తకాలు రాశాయి గాని, ఆ రోడ్డుమీద రాళ్ళు కొట్టినవాళ్ళ పేర్లు మస్తరులో వున్నా మనకు చేరలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. అప్పటినుంచి పేర్లు మొదలయ్యాయి. ముద్దాయి ఫలానా, తండ్రి ఫలానా, వూరు ఫలానా. తుపాకి పట్టిన తరవాతనే గిరిజనుడికి తండ్రి పేరు వచ్చింది. (సీతారామరాజు స్టేషన్లలో తాను తీసుకుపోయిన ఆయుధాల జాబితాను అక్కడి రిజిస్టరులోనే రాసి సంతకం పెట్టి వెళ్ళాడన్నది అందరికీ తెలిసిన కథే. కాగితం విలువ ఆయనకు బాగా తెలుసు.)

మా ముత్తాత ఒప్పంద కూలీ కాదు, పితూరీదారూ కాదు. బర్మాకు ఒప్పందం లేదు; మేస్త్రీ వున్నాడు. మేస్త్రీ వూళ్ళోకి వచ్చి బయానా ఇచ్చి, ఓడ కిరాయి పెట్టి, ముప్పైమందినో నలభైమందినో తోలుకొని పోతాడు. అప్పు తీరేదాకా కూలి అతని చేతులమీదుగానే రావాలి. సర్కారు దృష్టిలో వీళ్ళు తమంత తాము టిక్కెట్టు కొనుక్కొని వెళ్ళే డెక్కు ప్రయాణికులు. స్వతంత్రులు. అందుచేత ఎవరూ వాళ్ళ మచ్చలు రాసుకోలేదు. ఒప్పందం లేని కూలీకి దక్కిన స్వాతంత్ర్యం ఇదే: అతను మాయమైతే అడిగేవాడు లేడు.

అక్కడ ఆయన బతుకు ఎట్లా వుండేదో పట్టికల్లో కొంత కనిపిస్తుంది. 1931 లెక్కల్లో బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూను జనాభా 4,00,415 కాగా అందులో భారతీయులు 2,12,929. అనగా బర్మా రాజధానిలో సగానికి పైగా మనవాళ్ళే. అందులోనూ మగవాళ్ళే విపరీతంగా ఎక్కువ. రేవులో బస్తాలు మోసేవాళ్ళలో, బియ్యపు మిల్లుల్లో తెలుగువాళ్ళు; బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలనేవారు, కాకినాడ పక్కనున్న పాత రేవు పేరున. బెన్నిసను 1928 లో రంగూను కార్మికుల ఖర్చులను గురించి రాసిన నివేదిక, ఆండ్రూ 1933 లో అక్కడి భారతీయ కార్మికులను గురించి రాసిన పుస్తకం చదివితే మా ముత్తాత ఎట్లాంటి గదిలో ఎంతమంది మధ్య పడుకున్నాడో, మేస్త్రీ ఎంత మింగాడో వూహించుకోవచ్చు. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను తెచ్చాయి. సమ్మె పరిష్కారం కాగానే మే 26న బర్మావాళ్ళను వెళ్ళగొట్టారు. ఆ పూట రేగిన కొట్లాట రోజుల తరబడి సాగింది. వందకు పైగా మరణించారు, ఎక్కువమంది తెలుగువాళ్ళు. సమ్మె విరగ్గొట్టటానికి తెచ్చినవాడూ ఆకలిగొన్నవాడే, సమ్మె చేసినవాడూ ఆకలిగొన్నవాడే. కంపెనీల గుమాస్తాల్లో మాత్రం ఒక్కడికీ దెబ్బ తగిలినట్టు లేదు. ఆ తొమ్మిది నెలలకే లెక్కలు తీశారు. మా ముత్తాత అప్పటికి మొదటిసారి వెళ్ళివున్నాడని మా తాత లెక్క. అయితే పైన చెప్పిన అంకెల్లో ఆయన ఒకటి.

ఇంకొక సంగతి గమనించాలి. 1881 నుంచి మన లెక్కలన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగాయి. బర్మాలో బియ్యపు మిల్లులు జోరుగా ఆడే కాలం అది. కాబట్టి రంగూనులో కూలీలు అత్యధికంగా వున్నప్పుడు అక్కడ లెక్కపెట్టారు. ఇక్కడి పల్లెల్లో మగవాళ్ళు అతి తక్కువగా వున్నప్పుడు ఇక్కడ లెక్కపెట్టారు. విశాఖ జిల్లా పట్టికల్లో ఆడవాళ్ళు మగవాళ్ళను మించి కనిపించటంలో కొంత రహస్యం ఈ రుతువులో వున్నది.

1941 లో మూడోసారి వెళ్ళిన ఆయన అక్కడి లెక్కల్లోకి ఎక్కివుండాలి. ఆ కాగితాలు జపాను దండయాత్రలో పోయాయి. ఇక్కడ ఇండియాలోనూ యుద్ధం పేరు చెప్పి 1941 లెక్కల్ని సగంలో కుదించారు. 1942 లో నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు, అందులో చాలామంది అరాకాను దారిన, అస్సాం కొండల దారిన నడిచి. దారిలో వేలమంది చచ్చిపోయారు. వాళ్ళ లెక్క ఎవరూ తీయలేదు. 1964 తరవాత నే విన్ ప్రభుత్వం మిగిలినవాళ్ళను తరిమినప్పుడు వచ్చిన కుటుంబాలతో విశాఖపట్నంలో బర్మా క్యాంపు వెలిసింది. మా తాత అక్కడికి వెళ్ళి, తండ్రి పేరు చెప్పి, వూరు పేరు చెప్పి, కనిపించిన ముసలివాణ్ణల్లా అడిగి వచ్చాడట. అప్పటికి ఆయనకు ముప్పై దాటాయి.

ఇదంతా పాత గొడవ, ఇప్పుడెందుకని అడిగేవాళ్ళు వున్నారు. బర్మా 1982 లో చేసిన పౌరసత్వ చట్టం 1823 కు ముందు అక్కడ స్థిరపడిన జాతులకే పూర్తి పౌరసత్వం ఇచ్చింది. రంగూనులో మిగిలిపోయిన తెలుగువాడి మనవడు దానికి ఏ కాగితం చూపించాలి? మన దేశంలోనే అస్సాంలో 1951 జనాభా లెక్కలనుంచి ఎత్తి రాసిన పౌరుల రిజిస్టరును ముందు పెట్టుకొని, తాతల పేర్లతో సంబంధం రుజువు చేసుకొమ్మన్నారు. 2019 ఆగస్టు 31న ప్రకటించిన జాబితాలో 19 లక్షలమందికి పైగా లేరు. పెళ్ళై వేరే వూరు పోయిన ఆడవాళ్ళు తమ తండ్రికి తామే కూతుళ్ళమని చూపించుకోలేక అవస్థపడ్డారు. అందరి కులాలూ లెక్కపెట్టి ప్రకటించటం 1931 తో ఆగిపోయింది; రాబోయే లెక్కల్లో మళ్ళీ చేస్తామని 2025 లో కేంద్రం ప్రకటించింది. అవసరమే, నేను కాదనను. అయితే ఏ గడిలో ఏం రాస్తారో, రాసిన కాగితం ఎవరి చేతికి పోతుందో కూడా మనం అడగాలి.

మా క్లాసు కుర్రవాడికి ఇదంతా చెప్పాను. మా తాతమ్మ సంగతి చెప్పలేదు. అది ఇక్కడ చెబుతాను.

1951 ఫిబ్రవరిలో లెక్కలు రాయటానికి మా వూళ్ళోకి బడిపంతులు వచ్చాడు. ఇంటి గుమ్మంలో కూర్చుని మా తాతమ్మ పేరు అడిగాడు, వయస్సు తానే వేసుకున్నాడు. పెళ్ళి గడి దగ్గర ఆగాడు. మనియార్డరు ఆగిపోయి పదేళ్ళయింది. వూరంతా ఆయన పోయాడనే అనుకొన్నది. ఆమె మాత్రం బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. అందుకు పేరంటాల దగ్గర మాటలు పడ్డది కూడా. పంతులు వితంతువు అని రాయబోయాడు. రాస్తున్నది ఆమెకు చదవటం రాదు, అయినా అర్థమైంది. "సచ్చిపోనాడని నీకెవులు సెప్పారు? నాకు పెళ్ళయింది. అదే రాయి బాబూ," అన్నది. పక్కన నిలబడి విన్నవాడు మా తాత. పంతులు కొంచెంసేపు చూసి అట్లాగే రాశాడట.

ఆ చీటీ ఇప్పుడు లేదు. కాని పట్టికలు వున్నాయి. జనాభా లెక్కలు చదవటం తెలిసినవాళ్ళు వలసను కొలవటానికి ఒక చిన్న ఉపాయం వాడతారు: పట్టికలో పెళ్ళయిన ఆడవాళ్ళ సంఖ్యలోంచి పెళ్ళయిన మగవాళ్ళ సంఖ్య తీసివేస్తారు. ఒక మగవాడికి ఇద్దరు పెళ్ళాలున్న ఇళ్ళు కొన్ని వుంటాయి, దానికి కొంత విడిచిపెట్టాలి. మిగిలింది మొగుడు వూళ్ళో లేని ఆడవాళ్ళ లెక్క. 1951 విశాఖపట్నం జిల్లా పట్టిక ముందు పెట్టుకొని ఆ తీసివేత నేను చేశాను. మిగిలిన అంకెలో ఒకటి మా తాతమ్మది.